కత్తెరమ్మ పేరు మీద మచ్చ

ఆ వీధిలో ఆమెను అందరూ కత్తెరమ్మ అనే పిలుస్తారు. అసలు పేరు అద్దె కాగితం మీద ఉంది, భర్తకు కోపం వచ్చినప్పుడు అతని నోట్లోనూ వినబడుతుంది. మలుపులో మందుల షాపు పక్కన ఒకే గదిలో ఆమె సెలూను నడుపుతోంది. రెండు కుర్చీలు, రెండు అద్దాలు, వెనక తెర చాటున తువ్వాళ్ళు ఉతికే వాషింగ్ మిషను. ఆడా మగా, పిల్లా పెద్దా అందరికీ ఆమే కత్తిరిస్తుంది. వీధిలో ఎవరి కబురైనా ఆమె దువ్వెన కిందికి రాకుండా పోదు, వచ్చిన కబురు ఆమె గడప దాటదు. అందుకే ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళు తల బరువుతో పాటు మనసు బరువూ కాస్త దించుకుని వెళ్తుంటారు.

ఆ గది సొంతదారు ఒక పెద్దాయన. తల మీద మచ్చుకి ఒక్క వెంట్రుక లేదు. "నా గదిలో అందరికీ పనుంది, నాకే పని లేకుండా పోయింది చూడు" అని నెలనెలా అద్దెకు వచ్చినప్పుడల్లా అదే మాట అని, అప్పుడే మొదటిసారి అన్నట్టు నవ్వేవాడు. కత్తెరమ్మ కూడా మొదటిసారి విన్నట్టే నవ్వేది.

ఒకరోజు ఆయన నవ్వకుండా వచ్చాడు. ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చుని, చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోదామనుకుంటున్నానని చెప్పాడు. ఒంటరిగా వండుకుని తినడం చేతకావడం లేదన్నాడు.

"గది అమ్మేస్తానమ్మా. ముందు నిన్నే అడుగుతున్నా. నువ్వు వద్దంటేనే ఇంకొకరు."

కత్తెరమ్మ దువ్వెన బల్ల మీద పెట్టి నాలుగు గోడలూ ఒకసారి చూసుకుంది. తన గది! గోడకి మేకు కొట్టాలంటే ఎవరినీ అడగక్కర్లేని గది. ఆ సాయంత్రం భర్తతో కూర్చుని చూసుకుంటే, దాచుకున్నది కొంత ఉంది, మిగతాది బ్యాంకు ఇస్తే గట్టెక్కుతారు. భర్త సిటీ బస్సు డ్రైవరు. జీతం నెలనెలా పడుతుంది, ఆమె సంపాదన ఏ పూటకాపూట వస్తుంది. "ఎందుకివ్వరు? మనం ఎవరి సొమ్ము తిన్నాం?" అన్నాడతను.

బ్యాంకులో లోన్ల ఆఫీసరుకు ఆ రోజు జలుబు. తుమ్ముకీ తుమ్ముకీ మధ్య కాగితాలన్నీ తిరగేసి, బాగున్నాయన్నాడు. తరవాత కంప్యూటర్‌లో ఏదో కొట్టి తెరవైపు చూశాడు. అప్పటిదాకా మొహం మీదున్న చిరునవ్వు మెల్లగా మాయమైంది.

"మేడం, మీరు ఇదివరకు ఎక్కడైనా వాయిదాలు ఎగ్గొట్టారా?"

"ఎగ్గొట్టడమా? నేనా?" కత్తెరమ్మ కుర్చీలో ముందుకు జరిగింది. "కూరగాయలవాడికి చిల్లర బాకీ ఉంటేనే నాకు నిద్ర పట్టదండీ!"

ఆయన తెరను ఆమె వైపు తిప్పాడు. అప్పు తీసుకున్న ప్రతివాళ్ళకీ ఒక క్రెడిట్ రిపోర్టు ఉంటుందని, ఎవరి దగ్గర ఎంత తీసుకున్నారో, ఎలా కట్టారో అంతా అందులో ఎక్కుతుందని చెప్పాడు. ఏ బ్యాంకైనా ముందు అదే చూస్తుందట.

"ఇదిగో, వాషింగ్ మిషను కోసం ఒక ఫైనాన్స్ కంపెనీ దగ్గర తీసుకున్నారు. మొత్తం కట్టేశారు, ఇప్పుడు బాకీ ఏం లేదు. కానీ మధ్యలో కొన్ని నెలలు ఒక్క పైసా కట్టలేదు. వాళ్ళు దాన్ని డిఫాల్టు కింద రాశారు."

"కట్టేశాక కూడానా?"

"కట్టినా మచ్చ పోదండీ." మళ్ళీ తుమ్మి, రుమాలు జేబులో పెట్టుకున్నాడు. మాట మాత్రం మెత్తగానే ఉంది. "ఇది ఉండగా మా పైవాళ్ళు ఒప్పుకోరు. తెలియక జరిగిందైతే ఆ కంపెనీనే అడగండి. వాళ్ళు సరిచేస్తే తప్ప నా చేతుల్లో ఏం లేదు. మీ ఫైలు మూసెయ్యను, పక్కన పెడతాను. అంతవరకూ చెయ్యగలను."

ఆ రిపోర్టు నకలు ఒకటి తీసి ఇచ్చాడు. కత్తెరమ్మ దాన్ని నాలుగు మడతలు పెట్టి సంచీలో అడుగున, ఎవరికీ కనబడకుండా దాచింది. ఎదురుగా వచ్చేవాళ్ళందరికీ తన మొహం మీద ఏదో రాసి ఉన్నట్టు, తల వంచుకుని దుకాణానికి నడిచింది.

ఆ మధ్యాహ్నం మందుల షాపాయన చెంపల మీది జుట్టు దిద్దించుకోవడానికి వచ్చాడు. కత్తెర ఆడుతోంది గానీ ఆమె మనసు అక్కడ లేదు. కాసేపయ్యాక ఆయన అద్దంలో తనను తాను అటు తిప్పి ఇటు తిప్పి చూసుకున్నాడు.

"ఏంటమ్మా, ఇవాళ నా మొహం వంకరగా ఉందా, నీ చెయ్యి వంకర పోయిందా?"

ఒక చెంప మీద జుట్టు చెవితమ్మె దాకా ఉంది, రెండో చెంప మీద సగానికి ఎగిరిపోయింది. ఆమె నాలిక కరుచుకుని రెండోవైపు కూడా అంతే కత్తిరించింది. డబ్బులు వద్దంటే ఆయన వినకుండా బల్ల మీద పెట్టి వెళ్ళాడు. ఆ కాస్త మంచితనానికే ఆమెకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తన సంగతి తెలిస్తే ఈయన ఇలాగే నవ్వుతూ వస్తాడా అనిపించింది.

సాయంత్రం డ్యూటీ దిగి భర్త ఇంటికి రాగానే ఆ కాగితం అతని ముందు పడేసింది.

"చదువు. మన పరువు ఎలా ఉందో చూడు."

అతను నిలబడే చదివాడు. "ఈ మిషను వాయిదాలు నువ్వు కదా కట్టేదానివి?"

"నేనా? కౌంటరుకి వెళ్ళేది నువ్వు. డ్యూటీ దార్లోనే కదా అనేవాడివి!"

"ఏదో నాలుగుసార్లు వెళ్ళుంటాను. ఆ మాత్రానికి నా నెత్తినేస్తావా?"

"నీ నెత్తిన వేస్తే ఏముంది, నా పేరు మీద పడింది కదా! ఆ పెద్దాయనకి ఏం చెప్పను? నేను ఎగవేతదారునని చెప్పనా?"

గొంతులు లేచాయి. పక్కగదిలో కూతురు దిండుని బడిపిల్లగా కూర్చోబెట్టి పాఠం చెబుతోంది. ఏడేళ్ళది. తండ్రి దాన్ని 'గుప్పెడు' అంటాడు. నోరు మాత్రం బస్తాడు. "అమ్మా, అరవకండి, నా క్లాసు డిస్టర్బ్ అవుతోంది" అని అక్కడినుంచే అరిచింది.

అతను ఆ కాగితాన్ని దీపం దగ్గరికి పట్టుకుని మళ్ళీ చదివాడు. ఒక చోట వేలు ఆగిపోయింది.

"ఇది చూశావా నువ్వు?"

"చూడ్డానికేముంది అందులో?"

"నెల చూడవే. ఏ నెలల్లో కట్టలేదో చూడు."

ఆమె చూసింది. ముందు అర్థం కాలేదు. తరవాత మెల్లగా మంచం అంచు మీద కూలబడింది. పక్కగదిలోంచి దిండుని తిట్టే గొంతు ఖంగుమని వినబడుతోంది.

ఆ నెలలు గుప్పెడు అద్దాల పెట్టెలో ఉన్న నెలలు.

నెలలు నిండకుండానే పుట్టింది పిల్ల. అరచేతిలో పెడితే ఇంకా చోటు మిగిలేది. బతుకుతుందా అని అడిగితే డాక్టర్లు నేలచూపులు చూసేవాళ్ళు. రెండు చోట్ల అద్దె కట్టే ఓపిక లేదని ఉన్న ఇల్లు ఖాళీ చేసి, సామాను సెలూన్లో పడేసి తాళం పెట్టి, ఆస్పత్రికి దగ్గరగా ఉందని భర్త అక్కగారింట్లో చేరారు. ఆ వదిన తన సొంత గది వీళ్ళకిచ్చి తను వంటింట్లో పడుకుంది. రోజూ క్యారేజీ పట్టుకుని వార్డు మెట్ల దగ్గర నిలబడేది. అప్పుడు వారం లేదు, తేదీ లేదు. గొట్టంలోంచి పిల్ల కడుపులోకి ఇవాళ ఎన్ని చుక్కలు పాలు వెళ్ళాయన్నదొక్కటే లెక్క.

పిల్ల ఇంటికొచ్చి, కొత్త ఇల్లు చూసుకుని, దుకాణం తెరిచాక ఒకరోజు తువ్వాళ్ళు తిరుగుతుంటే మిషను వైపు చూసి "అయ్యో, వాయిదాలు!" అని భర్త ఉలిక్కిపడ్డాడు. మర్నాడే పరిగెత్తి అపరాధ రుసుముతో సహా మొత్తం కట్టేశాడు. కౌంటరాయన ముద్ర కొట్టి "అయిపోయిందండీ, ఇక మీకూ మాకూ ఏం లేదు" అన్నాడు. వీళ్ళూ అంతే అనుకున్నారు.

"ఆ రోజుల్లో ఎవరైనా నా పేరడిగినా చెప్పలేకపోయేవాణ్ణి." భర్త ఆమె పక్కన కూర్చున్నాడు. "ఇక వాయిదా సంగతి ఏం గుర్తుంటుంది?"

పొద్దుటినుంచీ గుండెలో ముల్లులా గుచ్చుకుంటున్న సిగ్గు ఒక్కసారిగా ఎటో పోయింది. ఆమెకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. కూతురు గుమ్మంలోకి వచ్చి, ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "మీకు పిచ్చి పట్టిందా?" అని అడిగింది. తల్లి దాన్ని లాగి ఒళ్ళో కుక్కుకుంది.

కాసేపయ్యాక ఆమెకే అనుమానం వచ్చింది. "అవునూ, కట్టకపోతే ఆ కంపెనీవాళ్ళు అడగాలి కదా? ఒక్క ఉత్తరం ముక్కైనా మనకి రాలేదే?"

మర్నాడు దుకాణం తెరవకముందే ఫోన్ చేసింది. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అని మిషను గొంతు తిప్పి తిప్పి, ఆఖరికి సంగీతం పెట్టి వదిలేసింది. రెండుసార్లు లైను తెగిపోయింది. మూడోసారి ఒక ఆడగొంతు పలికింది. ఎన్నాళ్ళనుంచో మాట్లాడి మాట్లాడి బొంగురుపోయిన గొంతు.

"ఫిర్యాదుల విభాగం. చెప్పండి."

కత్తెరమ్మ పొద్దుటినుంచీ అద్దం ముందు నిలబడి బట్టీపట్టిన మాటలన్నీ మాయమైపోయాయి.

"మా పాప పెట్టెలో ఉందండీ" అనేసింది.

"ఏ పెట్టెలో అండీ?" అవతలిగొంతు కంగారుపడింది.

"అయ్యయ్యో, ఇప్పుడు కాదు. అప్పుడు. ఏడేళ్ళ కింద..."

ఇక ఆపుకోలేకపోయింది. వాషింగ్ మిషనూ, పిల్లా, వదినా, గదీ, పెద్దాయనా, బ్యాంకు ఆఫీసరు తుమ్ములూ అన్నీ ఒకదాని మీద ఒకటి తోసుకుంటూ వచ్చాయి. అవతలావిడ ఎక్కడా అడ్డం రాలేదు. అంతా అయ్యాక, "ఇప్పుడు మళ్ళీ మొదట్నుంచి మెల్లగా చెప్పండి. నేను రాసుకుంటున్నాను" అంది.

రెండోసారి కత్తెరమ్మ వరసగా చెప్పింది.

"ఇల్లు మారినట్టు మా కంపెనీకి చెప్పారా?" ఆవిడ అడిగింది.

"మా ఆయన ఎవరికో చెప్పినట్టు గుర్తంటాడు. ఎవరికో ఏమో తెలీదండీ. అబద్ధం చెప్పలేను."

"సరే. అది నేను వెతుకుతాను. పాత విషయం కదా, కాస్త టైం పడుతుంది. ఈలోపు పాప ఎప్పటినుంచి ఎప్పటిదాకా ఆస్పత్రిలో ఉందో వాళ్ళ దగ్గర రాయించి పంపించండి. అవుతుందని మాట ఇవ్వలేనండీ. వదిలిపెట్టను, అదొక్కటే చెప్పగలను."

ఆ ఒక్క మాటకే కత్తెరమ్మకి సగం ఊపిరి వచ్చింది. ఫోన్ పెట్టేశాక మిగతా సగం పోయింది. ఆస్పత్రికి వెళ్ళాలి.

ఈ ఏడేళ్ళలో భార్యాభర్తలిద్దరూ ఒక్కసారి కూడా ఆ దారి తొక్కలేదు. అతనైతే ఆ రూటు డ్యూటీ పడితే తోటి డ్రైవర్లని బతిమాలి మార్చుకునేవాడు. పిల్లని తీసుకెళ్ళొచ్చని చెప్పిన రోజున, ఎవరైనా మనసు మార్చుకుని వెనక్కి పిలుస్తారేమోనన్న భయంతో దొంగల్లా మెట్లు దిగి పారిపోయారు. ఎవరికీ ఒక్క మంచిమాట చెప్పలేదు. ఆ సంగతి కత్తెరమ్మని అప్పుడప్పుడు రాత్రిళ్ళు మెలిపెట్టేది. కానీ వెళ్ళడానికి కాళ్ళు రాలేదు.

అతని సెలవు రోజున ముగ్గురూ బయల్దేరారు. లోపల అడుగుపెట్టగానే ఆ ఫినాయిలు వాసన గుండెల్లో కొట్టింది. లిఫ్టు అప్పటిలాగే మూలుగుతోంది. రికార్డుల గదిలో గుమస్తా పాత వివరాలు వెతికి పట్టుకున్నాడు గానీ, "వార్డు హెడ్ సిస్టర్ సంతకం కావాలి, పైకెళ్ళండి" అన్నాడు.

పసికందుల వార్డు బయట వరండాలో అదే వరస కుర్చీలు. తలుపు తోసుకుని హెడ్ సిస్టరు వచ్చింది. కత్తెరమ్మ భర్త చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆమే! జుట్టు నెరిసింది, కళ్ళద్దాలు వచ్చాయి. గొంతు మాత్రం మారలేదు. పక్కన బాంబు పేలినా గుసగుసగానే మాట్లాడుతుందని అప్పట్లో తల్లులందరూ ఆమెను గుసగుస సిస్టర్ అనుకునేవాళ్ళు.

"చెప్పండమ్మా" అంది గుసగుసగా. గుర్తుపట్టలేదు. ఎన్ని వందల మందిని చూసుంటుంది! కాగితం అందుకుని, తలెత్తి డ్రైవరు వైపు చూసి ఆగిపోయింది.

"మీరు... బస్సు కదూ?"

అతను తలూపాడు.

అప్పట్లో పిల్లని తండ్రి ఛాతీకి ఆనించి పడుకోబెట్టమన్నారు. ఒంటి వెచ్చదనం తగలాలని. వణుకుతున్న ఆ పెద్ద మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, చొక్కా గుండీలు విప్పించి, ఆ గుప్పెడంత ప్రాణాన్ని గుండె మీద పెట్టింది ఈ సిస్టరే. "బ్రేకు వేసిన బస్సులా కూర్చోండి. కదలొద్దు. మీ ఇంజను చప్పుడు వింటే పాప నిద్రపోతుంది" అని చెవిలో చెప్పింది. అతను అలాగే గంటలకు గంటలు కదలకుండా కూర్చునేవాడు. ఈగ వాలినా తోలుకునేవాడు కాదు.

సిస్టర్ చూపు కిందికి దిగి గుప్పెడు మీద ఆగింది. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది.

"ఇదేనా?"

"నువ్వెందుకు అంత మెల్లగా మాట్లాడతావు?" గుప్పెడు వరండా అంతా వినబడేలా అడిగింది.

"లోపల పాపలు నిద్రపోతున్నారు మరి."

"నేను కూడా ఇక్కడే నిద్రపోయానంట కదా?"

"నువ్వా? నువ్వెక్కడ నిద్రపోయావు! మా అందరికీ నిద్ర లేకుండా చేశావు." సిస్టర్ వంగి పిల్ల చేతిని తన చేతిలోకి తీసుకుంది. వేళ్ళు ఒక్కొక్కటీ విప్పి చూసింది. "ఈ చేతికి సూది ఎక్కించడానికి నరం దొరికేది కాదు. ఇప్పుడు చూడు, గోళ్ళలో మట్టి!"

కత్తెరమ్మ ఏదో చెప్పబోయింది. ఏడేళ్ళుగా దాచుకున్న మాట అది. ఆఖరికి, "ఆ రోజు చెప్పకుండా వెళ్ళిపోయాం సిస్టర్" అని మాత్రం అనగలిగింది.

"అందరూ అలాగే వెళ్తారమ్మా. మళ్ళీ ఇటు రాకూడదనే కదా మేమూ కోరుకునేది." సిస్టర్ కాగితం మీద సంతకం పెట్టి, చివర ఒక క్షణం చెయ్యి ఆపింది. "కానీ చూడాలని ఉంటుంది. ఎంత పొడుగయ్యారో, ఎలా మాట్లాడుతున్నారో చూడాలని మాకూ ఉంటుంది. ఇవాళ నా కడుపు నింపారు."

ఆమె లోపలికి వెళ్ళబోతూ తిరిగి వచ్చి డ్రైవరు భుజం తట్టింది. అంత పెద్ద మనిషీ కిటికీ వైపు తిరిగి, రోడ్డు మీద ఏదో బస్సు పోతుంటే అత్యవసరంగా చూస్తున్నట్టు నిలబడ్డాడు.

వరండా చివరి కుర్చీలో ఒక పిల్లతల్లి కూర్చుని ఉంది. కళ్ళు తలుపు మీదే ఉన్నాయి. జుట్టు ఎన్నాళ్ళుగా దువ్వలేదో, జడలు కట్టి ఒక పక్కకి వేలాడుతోంది. కత్తెరమ్మకి తనను తాను అద్దంలో చూసుకున్నట్టనిపించింది. దగ్గరికెళ్ళి సంచీలోంచి దువ్వెన తీసింది.

"తల దువ్వమంటావా అమ్మా? నా పనే అది."

ఆ అమ్మాయి బిత్తరపోయి చూసి, తరవాత తలూపింది. కత్తెరమ్మ వెనక నిలబడి చిక్కులు ఒక్కొక్కటీ నొప్పి తెలియకుండా విడదీసింది. కొసలనుంచి మొదలుపెట్టి, మెల్లగా పైకి. దువ్వెన నడుస్తున్నకొద్దీ ఆ అమ్మాయి భుజాలు కిందికి దిగాయి. ఎదురుగా గుప్పెడు చేతులు కట్టుకుని నిలబడి పర్యవేక్షిస్తోంది.

"మీ పాప పెట్టెలో ఉందా? నేనూ ఉన్నాను. బోర్ కొడుతుంది గానీ ఏం కాదు. ఇప్పుడు నేను రెండో తరగతి."

ఆ తల్లి దాన్ని కింది నుంచి పై దాకా చూసింది. జోళ్ళ నుంచి, ఊడిపోయిన పాలపన్ను దాకా. చూసి చూసి, రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చింది. కత్తెరమ్మ దువ్వడం ఆపలేదు. జడ గట్టిగా అల్లి, కొసన తన జడకున్న రబ్బరు బ్యాండు తీసి పెట్టింది.

తిరిగి వస్తూ ముగ్గురూ వదిన ఇంటికి వెళ్ళారు. పళ్ళ బుట్ట చేతిలో పెడితే వదిన కళ్ళెర్రజేసింది.

"ఏంటిది? పరాయిదాన్నా నేను?"

"కాదు వదినా. అప్పుడు నీ గది మాకిచ్చి వంటింట్లో పడుకున్నావు కదా. ఆ మాట నీకు ఎప్పుడూ చెప్పలేదు."

"చాల్లే, ఇప్పుడు నన్ను ఏడిపించడానికి వచ్చారా?" అని వదిన కొంగు కళ్ళకి అద్దుకుని, ఆ పళ్ళే కోసి వాళ్ళకే పెట్టింది.

ఆస్పత్రి కాగితం పంపించాక ఎదురుచూపులు మొదలయ్యాయి. ఈలోగా సెల్‌ఫోన్లు అమ్మే వ్యాపారి ఒకడు పెద్దాయన వెంటపడ్డాడు. గదికి ఇంకాస్త ఎక్కువే ఇస్తానని, వెంటనే ఇస్తానని. కత్తెరమ్మకి ఆ సంగతి మందుల షాపాయన ద్వారా తెలిసింది. పెద్దాయన అద్దెకొచ్చినప్పుడు తనే ఎత్తింది.

"బాబాయ్ గారూ, నా కోసం మీరు నష్టపోవద్దు. నా పేరు మీద ఒక మచ్చ పడింది." ఏదీ దాచకుండా జరిగిందంతా చెప్పేసింది. "అది పోతుందో పోదో తెలీదు. ఆ ఫోన్లాయనకి ఇచ్చేసినా నేనేమీ అనుకోను."

పెద్దాయన బోడితల తడుముకున్నాడు.

"చూడమ్మా, నా తల మీద జుట్టు లేదు గానీ నోట్లో మాట ఉంది. నిన్ను అడిగాను, నీ జవాబు వచ్చేదాకా ఆగుతాను. మా చెల్లెలు ఎక్కడికీ పారిపోదులే. ఇన్నాళ్ళు ఎదురుచూసింది, ఇంకొన్నాళ్ళు తిట్టుకుంటూ ఎదురుచూస్తుంది."

తరవాత కొన్నాళ్ళకి, ఒక పిల్లాడి తలకి కత్తెర వేస్తుండగా ఫోన్ మోగింది. బొంగురుగొంతు.

"దొరికిందండీ!" ఆవిడే ఎక్కువ సంబరపడుతున్నట్టుంది. "అప్పట్లో మిషను సర్వీసింగుకి వస్తామని మా సర్వీసు విభాగం వాళ్ళు మీ ఆయన నంబరుకి ఫోన్ చేశారు. ఆయన, మేం ఇంట్లో ఉండటం లేదు, పాప ఆస్పత్రిలో ఉంది, ఏదైనా ఉంటే మా అక్క ఇంటికి పంపండి అని చిరునామా చెప్పారు. సర్వీసు వాళ్ళు అది ఎక్కించుకున్నారు, వాయిదాల వాళ్ళకి చెప్పలేదు. హెచ్చరికలన్నీ మీరు ఖాళీ చేసిన ఇంటికే వెళ్ళాయి. వాయిదాల వాళ్ళ దగ్గరున్నది సెలూను నంబరే, ఆ ఫోన్లు తాళం వేసిన గదిలో మోగాయి. మీకు తెలియజేయకుండా డిఫాల్టు రాయడం మా పొరపాటు. మా పైవాళ్ళు ఒప్పుకున్నారు. మచ్చ తీసేయమని రాశాం."

కత్తెరమ్మ పిల్లాడి తల పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "ఆంటీ, ఒక వైపే కట్ చేశారు" అన్నాడు వాడు.

కొత్త రిపోర్టు రావడానికి ఇంకా కొన్ని వారాలు పట్టింది. బ్యాంకు ఆఫీసరు తెరమీద వెతికి వెతికి, ఎక్కడా ఏమీ దొరక్క, పక్కన పెట్టిన ఫైలు దుమ్ము దులిపి ముందుకు తీశాడు. ఆ దుమ్ముకి మళ్ళీ తుమ్మాడు. "చిరంజీవ" అంది కత్తెరమ్మ మనసారా. లోను వచ్చింది. గది ఆమె పేరు మీదికి వచ్చింది. ఇక నుంచి వాయిదా కట్టేది ఆమేనని, కట్టినట్టు చూసేది భర్త అని ఇద్దరూ ఒప్పందం చేసుకున్నారు. పెద్దాయన వెళ్ళేరోజు కుర్చీలో దర్జాగా కూర్చుని, "ఇప్పుడైనా నాకో పని చెయ్యి" అన్నాడు. ఆమె మెడకి తెల్లటి బట్ట కట్టి, వేడి తువ్వాలుతో ఆ బోడితలని శుభ్రంగా తుడిచి, నూనె పెట్టి మర్దనా చేసింది. ఆయన కళ్ళు మూసుకుని, "ఎంత సుఖంగా ఉందమ్మా, ఇన్నేళ్ళూ ఎందుకు నోరు మూసుకున్నానో" అన్నాడు.

అంతా అయ్యాక కత్తెరమ్మ ఫిర్యాదుల విభాగానికి మళ్ళీ ఫోన్ చేసింది. ఒకటి నొక్కి, రెండు నొక్కి, సంగీతం విని, ఆ బొంగురుగొంతే కావాలని ఇద్దరిని బతిమాలి, చివరికి పట్టుకుంది.

"ఏమైందండీ? మళ్ళీ మచ్చ పడిందా?" ఆవిడ భయపడింది.

"లేదండీ. గది మాదైంది. ఆ మాట చెప్పి, మీకు దండం పెడదామని చేశాను."

అవతల కుర్చీ కిర్రుమంది.

"ఫిర్యాదు ఏమీ లేదా?"

"ఏమీ లేదు."

"ఉండండి. ప్రతి ఫోనూ ఏదో ఒకదాని కింద ఎక్కించాలి మేము. దీన్ని దేని కింద ఎక్కించాలో..." మీటల చప్పుడు వినబడింది. "ఇందులో ఇలాంటిదేం లేదండీ. పదేళ్ళనుంచి కూర్చున్నాను ఈ సీట్లో, ఎప్పుడూ అవసరం రాలేదు."

"అయితే మీరే ఒకటి పెట్టండి" అంది కత్తెరమ్మ. "అన్నట్టు, ఎప్పుడైనా మా వైపు వస్తే మందుల షాపు పక్కనే మా సెలూను. మీ జుట్టు ఎలా ఉంటుందో తెలీదు గానీ, మీ గొంతు విని నేను గుర్తుపట్టేస్తాను."

ఆవిడ నవ్వింది. బొంగురుగానే, కానీ చాలాసేపు. కుర్చీలో కూర్చున్న మనిషి మెడ తిప్పి ఎవరితో ఇంత ముచ్చట అన్నట్టు చూస్తే, కత్తెరమ్మ ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, ఆ తలను మెల్లగా అద్దం వైపు తిప్పి కత్తెర అందుకుంది.